పాత థింక్‌ప్యాడ్‌లో ఎస్‌ఎస్‌డీ: ఐదేళ్ల వాడకం తర్వాత

లాప్‌టాప్ లెనోవో థింక్‌ప్యాడ్ టీ430. 2012 మోడల్, మూడో తరం ఐ5 3320ఎం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. దానితో వచ్చిన 500 జీబీ హార్డ్ డిస్క్ తీసేసి క్రూషియల్ ఎంఎక్స్500 ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా ఫ్లాష్ మెమరీ చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్), అదీ 500 జీబీదే, పెట్టి ఐదేళ్లయింది. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా నడుస్తుంది. బ్రౌజర్, స్ప్రెడ్‌షీట్లు, ఫొటోలు, అప్పుడప్పుడు ఒక వర్చువల్ మెషీన్. ఇంతకాలంలో డ్రైవ్ వల్ల ఒక్క ఫైలు పోలేదు. పెట్టే రోజున మాత్రం జాగ్రత్తగా లేకపోతే పని చెడే చోట్లు నాలుగైదు ఉన్నాయి. "ఎస్‌ఎస్‌డీ వేయించినా స్లోగానే ఉంది" అనే మాట ఎక్కువగా అక్కడి నుంచే పుడుతుంది. అందుకే ఇక్కడ డ్రైవ్ గురించి ఎంత ఉందో, దాన్ని ఎక్కించే పని గురించీ అంతే ఉంది.

తేడా ఎక్కడ వస్తుంది

డబ్బా మీద సెకనుకు 560 ఎంబీ చదువుతుంది, 510 ఎంబీ రాస్తుంది అని ఉంటుంది. ఈ లాప్‌టాప్‌లో పెద్ద ఫైలు మీద కొలిస్తే చదవడం 530 దగ్గర వస్తుంది. పాత డిస్క్ 110 ఇచ్చేది. లెక్కప్రకారం ఐదు రెట్లు. వాడుతున్నప్పుడు తెలిసే తేడా అంతకన్నా చాలా ఎక్కువ, ఎందుకో చూడండి.

విండోస్ లేచేటప్పుడు చదివేవి డిస్క్ నలుమూలలా చెదిరి ఉన్న వేలకొద్దీ చిన్న ముక్కలు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ (డేటా చదివే భాగం) కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. అంతకుముందు హెడ్ ఆ ట్రాక్ దాకా జరగడానికి సుమారు 12. వెరసి 16 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 60 ముక్కలు. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 240 కేబీ! టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, పక్కనే వేగం 1 ఎంబీ కూడా లేకపోవడం మీరు చూసే ఉంటారు. అది జబ్బు పడ్డ డిస్క్ కాదు, ఆరోగ్యంగా ఉన్న డిస్క్ చేయగలిగిందే అంత. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి ఇవే చిన్న ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటిగా అడిగినా సెకనుకు 25 నుంచి 30 ఎంబీ వస్తుంది. నూరు రెట్లకు పైనే.

ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ఇంకో సంగతి కూడా తేలుతుంది. టీ430 ప్రధాన బేలో (డిస్క్ కూర్చునే అరలో) ఉన్నది సెకనుకు 6 గిగాబిట్ల సాటా 3 పోర్టు. సాటా అంటే డ్రైవ్‌ని లాప్‌టాప్‌కి కలిపే పద్ధతి. అంతకన్నా పాత లాప్‌టాప్‌లలో సాటా 2 ఉంటుంది, దాని గరిష్ఠం సెకనుకు 300 ఎంబీ. "మా దాంట్లో పోర్టు పాతది, ఎస్‌ఎస్‌డీ దండగ" అనుకోవద్దు. చిన్న ముక్కల వేగం 30 ఎంబీయే అయినప్పుడు 300 హద్దు దానికి అడ్డే కాదు. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడే ఆ తేడా కనిపిస్తుంది.

గడియారం పెట్టి చూస్తే: పాత డిస్క్‌తో పవర్ బటన్ నుంచి లాగిన్ దాకా 70 సెకన్లు, ఆ తర్వాత బ్రౌజర్ మాట వినడానికి ఇంకో మూడు నిమిషాలు. ఎస్‌ఎస్‌డీతో అదే విండోస్ 10లో 25 సెకన్లకు బ్రౌజర్ తెరిచి పని మొదలుపెట్టొచ్చు. విండోస్ అప్‌డేట్లు వచ్చిన రోజున ఇంకా బాగా తెలుస్తుంది. పూర్వం అప్‌డేట్ దిగుతుంటే లాప్‌టాప్ వదిలేసి లేచి వెళ్లాల్సిందే. ఇప్పుడు వెనకాల అది నడుస్తుంటే ముందు మన పని నడుస్తుంది.

మారనివి కూడా చెప్పాలి. వీడియో ఎడిటింగ్‌లో ఎక్స్‌పోర్ట్ సమయం తగ్గదు, అది ప్రాసెసర్ పని. ఇంటర్నెట్ వేగం పెరగదు. 4 జీబీ ర్యామ్‌తో పాతిక ట్యాబులు తెరిస్తే ఇప్పటికీ ఆగి ఆగి నడుస్తుంది. ర్యామ్ చాలక డేటా డ్రైవ్ మీదికి వెళ్లి రావడం తొందరగా జరుగుతుందే తప్ప ఆగదు. చేతిలో ఉన్న డబ్బుకి రెండూ వస్తే ముందు ఎస్‌ఎస్‌డీ, వెంటనే 8 జీబీ ర్యామ్. టీ430కి 204 పిన్నుల డీడీఆర్3 లాప్‌టాప్ ర్యామ్ కావాలి, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కూడా పడుతుంది, రెండు స్లాట్లలో కలిపి 16 జీబీ దాకా పెట్టొచ్చు. బ్యాటరీ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కరెంటు ఎక్కువ తినేవి తెర, ప్రాసెసరే. డిస్క్ వాటా చిన్నది కాబట్టి మిగిలేదీ చిన్నదే.

కొనేటప్పుడు

డ్రైవ్ లోపల రెండు సంగతులు చూడాలి: డీర్యామ్ క్యాష్ ఉందా, ఫ్లాష్ టీఎల్‌సీయా క్యూఎల్‌సీయా. డీర్యామ్ క్యాష్ అంటే ఏ డేటా ఎక్కడుందో డ్రైవ్ గుర్తుపెట్టుకునే వేగమైన చిన్న మెమరీ. టీఎల్‌సీ ఫ్లాష్ ఒక్కో గదిలో మూడు బిట్లు దాస్తుంది, క్యూఎల్‌సీ నాలుగు. ఎంఎక్స్500లో డీర్యామ్ ఉంది, ఫ్లాష్ టీఎల్‌సీ. అదే కంపెనీ బీఎక్స్500లో డీర్యామ్ లేదు. డీర్యామ్ లేనంత మాత్రాన పనికిరాదని కాదు, ఇంటి వాడకానికి అదీ హార్డ్ డిస్క్ కన్నా ఎన్నో మెట్లు పైన. కానీ డ్రైవ్ నిండుతున్న కొద్దీ, రెండు మూడు పనులు ఒకేసారి పడ్డప్పుడు ఆ లోటు బయటపడుతుంది. క్యూఎల్‌సీ సంగతి వేరు. ఇప్పటి డ్రైవ్‌లలో చాలావాటిలో ముందు కొంత భాగం వేగంగా రాసుకునే క్యాష్‌గా పనిచేస్తుంది, అది నిండాక అసలు వేగం కనిపిస్తుంది. శామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీకి ఆ కంపెనీ ఇచ్చిన వివరాల్లోనే క్యాష్ 42 జీబీ అనీ, అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీ అనీ ఉంది. హార్డ్ డిస్క్ వేగమే అది. పెళ్లి వీడియోలు 100 జీబీ ఒక్కసారి కాపీ చేసేవాళ్లు టీఎల్‌సీయే తీసుకోవాలి.

సైజు దగ్గర జాగ్రత్త. 500 జీబీ హార్డ్ డిస్క్‌లూ, 500 జీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డీలూ సరిగ్గా 976,773,168 సెక్టార్లు (512 బైట్ల ముక్కలు). 480 జీబీది అంతకన్నా దాదాపు 20 గిగాబైట్లు చిన్నది. 500 జీబీ డిస్క్‌ని ఉన్నదున్నట్టు 480 జీబీ డ్రైవ్‌లోకి దింపబోతే క్లోనింగ్ మొదట్లోనే ఆగిపోతుంది. 120, 128 జీబీ డ్రైవ్‌ల జోలికి ఇక వెళ్లొద్దు. విండోస్, అప్‌డేట్లు, నాలుగు ప్రోగ్రాములు కలిస్తేనే సగం నిండిపోతుంది.

2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో జనానికి అమ్మే వ్యాపారం ఆపేస్తున్నామని, 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపుతామని ప్రకటించింది. అమ్మిన వాటికి వారంటీ సేవ ఉంటుందని కూడా చెప్పింది. కాబట్టి ఈ మోడల్ దొరికితే అది మిగిలిన స్టాకే. దొరక్కపోతే అదే తరగతిలో డీర్యామ్, టీఎల్‌సీ రెండూ ఉన్నది శామ్‌సంగ్ 870 ఈవో. 500 జీబీ ఎంఎక్స్500కి వారంటీ ఐదేళ్లు లేదా 180 టీబీ రాతలు, ఏది ముందైతే అది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా పద్ధతి ఒకటే: జీఎస్‌టీ బిల్లు మీద డ్రైవ్ సీరియల్ నంబరు ఉండాలి. ఇంటికొచ్చాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ వివరాలు చూపే ఉచిత ప్రోగ్రాము) తెరిచి స్టిక్కర్ మీది సీరియల్, తెర మీది సీరియల్ ఒకటేనా చూడండి. పవర్ ఆన్ గంటలు సున్నా లేదా ఒకటి రెండు ఉండాలి. వందల గంటలు కనిపిస్తే అది వాడిన సరుకు, వెనక్కి ఇచ్చేయాలి. ఊరూ పేరూ లేని బ్రాండు 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అతి చవగ్గా కనిపిస్తే లోపల మెమరీ కార్డు అతికించి ఉండే అవకాశం ఉంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రాముతో డ్రైవ్ మొత్తం నింపి చదివిస్తే నిజం తేలుతుంది. విండోస్‌లో కనిపించే సైజుని నమ్మడానికి లేదు, ఆ అంకెను డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్‌తో అబద్ధం చెప్పించొచ్చు.

కొత్త లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఎం.2 స్లాట్ (కార్డులాంటి చిన్న ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) కనిపించగానే ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) డ్రైవ్ కొనేయకండి. కొన్ని స్లాట్లు సాటా ఎం.2 మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే. స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసి కొనాలి. టీ430లో ఎం.2 లేదు, ఆ గొడవా లేదు.

క్లోనింగా, కొత్తగా వేయడమా

కొత్తగా వేయడమే. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త, తీసేసిన యాంటీవైరస్‌ల తోకలు, పాడైన ఫైళ్లు క్లోన్‌తో పాటే వస్తాయి. అయితే లైసెన్సు మళ్లీ దొరకని అకౌంటింగ్ ప్రోగ్రాము, సీడీ పోయిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్ లాంటివి ఉన్నవాళ్లకు క్లోనింగ్ తప్పదు. వాళ్లకు ఈ వరస.

ముందు పాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 వరసలు చూడండి, అవి చెడిన సెక్టార్ల లెక్కలు. ముడి విలువ సున్నా అయితే సరే. సీ5లో అంకె ఉంటే చదవలేని సెక్టార్లు ఉన్నాయని అర్థం, క్లోనింగ్ ప్రోగ్రాము అక్కడికి చేరగానే గంటలు గంటలు కొట్టుకుంటుంది, డిస్క్ ఇంకా పాడవుతుంది. అలాంటప్పుడు అన్నిటికన్నా ముందు ఫొటోలు, పత్రాలు బయటికి తీసుకోవాలి. ఆ తర్వాత డీడీరెస్క్యూ అనే లినక్స్ ప్రోగ్రాము వాడాలి. అది బాగున్న చోట్లన్నీ మొదట లాగేసి, చెడ్డ చోట్లకు చివర్లో వస్తుంది.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్షన్ ముగిసేదాకా ఆగండి. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ ఒకసారి నడపండి.

1 టీబీ డిస్క్ నుంచి 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి వెళ్లేవాళ్లు ముందు పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) కుదించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 800 జీబీ ఖాళీ ఉన్నా కుదించగలిగేది 40 జీబీ అని చూపిస్తుంది, అక్కడ చాలామంది ఆగిపోతారు. దానికి కారణం మధ్యలో కూర్చున్న కదపరాని ఫైళ్లు: హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, సిస్టమ్ రీస్టోర్ కాపీలు. మూడింటినీ తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే పార్టిషన్ మెత్తబడుతుంది. డిస్క్ చివర్లో రికవరీ పార్టిషన్ ఉంటే దాన్ని జీపార్టెడ్ అనే పార్టిషన్ ప్రోగ్రాముతో ముందుకు జరపాలి. క్లోనింగ్ ప్రోగ్రాముల్లో క్లోన్‌జిల్లా, లక్ష్య డ్రైవ్ చిన్నదైతే మామూలుగా ఒప్పుకోదు. క్రూషియల్ డ్రైవ్‌లకు అక్రోనిస్ ప్రత్యేక వెర్షన్ ఉంది, అది పార్టిషన్ల సైజు తనే సర్దుతుంది. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి కంపెనీ 2024 మొదట్లో మద్దతు ఆపేసింది.

కొత్త డ్రైవ్‌ని యూఎస్‌బీ నుంచి సాటా అడాప్టర్‌తో తగిలించి క్లోన్ చేస్తాం. ఆ కేబుల్ దగ్గర పీనాసితనం వద్దు. మధ్యలో డ్రైవ్ మాయమవడం, 60 శాతం దగ్గర ఎర్రర్ రావడం డ్రైవ్ తప్పు కానే కాదు, ఎక్కువసార్లు చవక అడాప్టర్ చిప్పో, చాలని కరెంటో కారణం. నీలి రంగు యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలించాలి, హబ్ మధ్యలో ఉండకూడదు. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టే ఉండాలి, స్లీప్ ఆఫ్ చేయాలి.

క్లోన్ అయ్యాక మొదటిసారి లేపేటప్పుడు పాత డిస్క్ తగిలించి ఉండకూడదు. రెండిటికీ డిస్క్ గుర్తింపు ఒకటే కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా కొత్తదాంట్లోంచి లేచినట్టే లేచి పాతదాన్ని వాడుకుంటుంది. కొన్ని వారాల తర్వాత పాతది ఫార్మాట్ చేస్తే లాప్‌టాప్ లేవదు!

బయాస్

బయాస్ అంటే విండోస్ లేవకముందే తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగుల తెర. టీ430లో ఎఫ్1 నొక్కితే బయాస్, ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ. రెండు చోట్ల చూడాలి. మొదటిది కాన్ఫిగ్‌లో సీరియల్ ఏటీఏ. అది ఏహెచ్‌సీఐలో (సాటా డ్రైవ్‌ని పూర్తి సౌకర్యాలతో నడిపే పద్ధతిలో) ఉండాలి. కంపాటిబిలిటీలో ఉంటే ఒకేసారి చాలా ముక్కలు అడిగే సౌకర్యం పోతుంది, వేగం పడిపోతుంది. విండోస్ వేసిన తర్వాత దీన్ని మార్చితే నీలి తెర వస్తుంది, బూట్ డ్రైవ్ అందలేదని. భయపడక్కర్లేదు. పాత సెట్టింగ్‌కి తిప్పి, విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయాలి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేస్తే సరి, డ్రైవర్ దానంతటదే కూర్చుంటుంది.

రెండోది స్టార్టప్‌లో యూఈఎఫ్ఐ, లెగసీ: కొత్త, పాత బూట్ పద్ధతులు. వాటికి తగ్గట్టే డ్రైవ్ మీద పార్టిషన్ పట్టిక కూడా రెండు రకాలు: కొత్తది జీపీటీ, పాతది ఎంబీఆర్. పాత విండోస్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే దాని క్లోన్ కూడా ఎంబీఆరే, అది లెగసీలోనే లేస్తుంది. యూఈఎఫ్ఐ ఓన్లీ పెట్టుకుని డ్రైవ్ చచ్చిందని తిప్పి పంపేవాళ్లున్నారు. కొత్తగా వేసేటప్పుడు మాత్రం యూఈఎఫ్ఐ, జీపీటీ ఎంచుకోండి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే పని

అయిదు నిమిషాల పని. చార్జర్ తీసి, బ్యాటరీ బయటికి లాగి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వాలి. అడుగున డిస్క్ మూతకి ఒకే స్క్రూ. అది పూర్తిగా బయటికి రాదు, వదులైతే చాలు, ఊడదీయాలని బలవంతం చేయొద్దు. మూత జరిపాక డిస్క్‌కి ఉన్న ప్లాస్టిక్ నాలుకని పట్టుకుని తిన్నగా లాగితే జారి వస్తుంది. పైకి ఎత్తితే లోపలి కనెక్టర్ విరుగుతుంది, బయటికి లాగడమే. డిస్క్ రెండు పక్కలా రబ్బరు పట్టాలుంటాయి. అవి అలంకారం కాదు, డ్రైవ్‌ని కనెక్టర్‌కి సరైన ఎత్తులో నిలబెట్టేవి అవే. పాతదాని నుంచి తీసి కొత్తదానికి అదే దిశలో తొడగాలి.

ఎంఎక్స్500 మందం 7 మిల్లీమీటర్లు. చాలా పాత లాప్‌టాప్‌ల బేలు 9.5 మిల్లీమీటర్ల డిస్క్‌కి కోసినవి, వాటిలో డ్రైవ్ వదులుగా ఊగుతుంది. డబ్బాలో నల్ల ప్లాస్టిక్ చట్రం ఒకటి ఇస్తారు, ఒక పక్క జిగురు ఉంటుంది. పనికిరానిదనుకుని పారేయకండి, ఆ 2.5 మిల్లీమీటర్లు నింపేది అదే. ఇది లేకుండా బిగిస్తే బస్సు ప్రయాణాల కుదుపుకి కనెక్టర్ వదులై, లాప్‌టాప్ ఉన్నట్టుండి డ్రైవ్ లేదంటుంది. పెట్టేటప్పుడు ఏడు పిన్నుల నాలుక, పదిహేను పిన్నుల నాలుక రెండూ ఎదురుగా ఉన్నాయో లేదో టార్చి వేసి చూసి నెట్టాలి. చివర్లో చిన్న బిగువు తగులుతుంది, అక్కడితో ఆపాలి.

డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట పట్టే క్యాడీ అనే చట్రంలో పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ మాత్రం ప్రధాన బేలోనే ఉండాలి, చాలా లాప్‌టాప్‌లలో డీవీడీ పోర్టు తక్కువ వేగానిది. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి. డీవీడీ డ్రైవ్ కొలిచాకే కొనాలి.

పెట్టిన తర్వాత చేయాల్సినవి, చేయకూడనివి

విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిస్తే డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉండాలి, వారానికోసారి షెడ్యూల్ ఆన్‌లో ఉండాలి. అది చేసేది ట్రిమ్: మనం చెరిపేసిన ఫైళ్ల చోటు ఇక ఖాళీ అని డ్రైవ్‌కి చెప్పడం. క్లోన్ తర్వాత కొన్నిసార్లు ఇక్కడ హార్డ్ డిస్క్ అనే కనిపిస్తుంది. విండోస్ అనుభవ స్కోరు పరీక్షని (విన్‌శాట్ ఆదేశం) మళ్లీ నడిపిస్తే గుర్తిస్తుంది. ట్రిమ్ లేకపోతే నెలలు గడిచేకొద్దీ రాసే వేగం చచ్చిపోతుంది. లినక్స్‌లో వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే చాలు. లక్స్ (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) వాడేవాళ్లు మాత్రం డిస్కార్డ్ అనుమతి విడిగా ఇవ్వాలి, లేకపోతే ట్రిమ్ ఆ పొర దాటి లోపలికి పోదు.

పేజ్ ఫైలు తీసేయడం, బ్రౌజర్ క్యాష్‌ని హార్డ్ డిస్క్‌కి మార్చడం, సెర్చ్ ఇండెక్సింగ్ ఆపడం లాంటి పాత సలహాలన్నీ వదిలేయండి. డ్రైవ్ అరుగుతుందన్న భయంతో పుట్టినవి అవి. అరుగుదల ఎంతో ఈ డ్రైవ్‌లోనే చూద్దాం.

స్మార్ట్ రీడింగుల్లో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కల్లో) 246వది మొత్తం రాసిన సెక్టార్లు. దాన్ని 512తో గుణిస్తే బైట్లు. ఐదేళ్లకు ఇక్కడ 35,156,000,000 దగ్గర ఉంది, అంటే 18 టీబీ. రోజుకు సగటున 10 జీబీ. వారంటీ హద్దు 180 టీబీలో పదోవంతు. కానీ డ్రైవ్ తనలో తాను సర్దుకుంటూ మనం అడిగినదానికన్నా ఎక్కువే రాస్తుంది. 247వది మనం అడిగిన రాతలు, 248వది డ్రైవ్ తనకోసం చేసిన రాతలు. అదెంతో తెలియాలంటే రెండూ కలిపి 247తో భాగించాలి. ఇక్కడ 2.5 వస్తుంది. అంటే ఫ్లాష్ మీద నిజంగా పడింది 45 టీబీ. 500 జీబీతో భాగిస్తే ఒక్కో బ్లాకు సగటున 90 సార్లు చెరిగి రాయబడింది. ఆ చెరుగుళ్ల సగటు చెప్పే 173వ రీడింగ్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. మిగిలిన ఆయుష్షు చెప్పే 202వది 94 శాతం దగ్గర నిలిచింది. ఐదేళ్లకు ఆరు శాతం. ల్యాప్‌టాప్‌లో మిగతా భాగాలు ముందు పోతాయి.

ఈ మోడల్‌లో బాగా తెలిసిన వింత ఒకటి ఉంది. 197వ రీడింగ్ (పైన చెప్పిన సీ5) అప్పుడప్పుడు 1 అయి కాసేపటికి మళ్లీ 0 అవుతుంది. హార్డ్ డిస్క్‌లో అయితే అది ప్రమాద సూచన. ఇక్కడ కాదు. ఈ రీడింగులు చదివే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రోగ్రాము వాళ్లు తమ డేటాబేస్‌లో ఈ డ్రైవ్‌కి ఆ వరస పేరు ముందే బోగస్ అని చేర్చారు. 1 వచ్చి అలాగే నిలిచిపోయినా, 5వ రీడింగ్ పెరుగుతున్నా మాత్రం బ్యాకప్ తీసుకుని వారంటీకి వెళ్లాలి.

క్రూషియల్ స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాముతో ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోవచ్చు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. అందులో మొమెంటమ్ క్యాష్ అనే మీట ఉంటుంది, ముట్టుకోవద్దు. అది రాయాల్సిన డేటాని ర్యామ్‌లో ఆపి ఉంచుతుంది, పరీక్షల్లో అంకెలు ఆకాశానికి వెళ్తాయి, కరెంటు పోతే ఆ డేటా గాల్లో కలుస్తుంది. ఎండాకాలం కోతల్లో డెస్క్‌టాప్‌లో దీన్ని ఆన్ చేయడం ఫైళ్లని చేజేతులా పోగొట్టుకోవడమే. డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టేవాళ్లకు యూపీఎస్ ఉండితీరాలి. లాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్, కాబట్టి చచ్చిన బ్యాటరీతో చార్జర్ మీదే నడిపే అలవాటు ఉంటే ముందు బ్యాటరీ మార్చండి.

ఎన్‌క్రిప్షన్ కావాలంటే డ్రైవ్ లోపలిది కాకుండా సాఫ్ట్‌వేర్‌దే వాడాలి. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని ఎస్‌ఎస్‌డీల లోపలి ఎన్‌క్రిప్షన్‌లో లోపాలు బయటపెట్టారు. మరుసటేడు మైక్రోసాఫ్ట్ కూడా బిట్‌లాకర్ మామూలుగా సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షనే వాడేలా మార్చింది. ఐ5 3320ఎంలో ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే ఏఈఎస్ సూచనలు ఉన్నాయి కాబట్టి వేగం తగ్గినట్టు చేతికి తెలియదు.

పదోవంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పూర్తిగా నిండిన డ్రైవ్ సర్దుకోవడానికి చోటు లేక, రాసిందే మళ్లీ రాస్తూ ఆయాసపడుతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే, పైగా టీపీఎం (భద్రత చిప్) 2.0 కావాలి, టీ430లో ఉన్నది 1.2. ఈ లాప్‌టాప్ ఇప్పుడు లినక్స్ మింట్ మీద నడుస్తోంది. తెలుగు టైపింగ్, ఆఫీసు ఫైళ్లు, బ్యాంకు పనులు ఏదీ ఆగలేదు. ఎస్‌ఎస్‌డీ మీద మింట్ ఇన్‌స్టాల్ చేయడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది.

ఆఖరి భయం ఒక్కటే, అది నిజమైనది. హార్డ్ డిస్క్ పోయేముందు టకటకమంటుంది, నెమ్మదిస్తుంది, ఫైళ్లు కొన్నైనా చేతికిస్తుంది. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ పోతే సాయంత్రం బాగున్నది పొద్దున బయాస్‌లోనే కనిపించదు. ట్రిమ్ అయ్యాక పొరపాటున చెరిపిన ఫొటోని రికవరీ షాపులో కూడా తీయలేరు. తీసేసిన పాత హార్డ్ డిస్క్ బాగుంటే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడండి, ఆ పనికి దాని వేగం సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీనే బ్యాకప్‌గా బీరువాలో దాచడం మంచిది కాదు. జెడెక్ (మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ప్రకారం ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీ తన రాత హద్దు పూర్తయ్యాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలి. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. 45 డిగ్రీలు దాటే పల్నాడు వేసవిలో రేకుల గదిలో పెట్టె అడుగున ఉన్న డ్రైవ్‌కి అది పెద్ద గడువేం కాదు. ఎలాగైనా అలా దాచాల్సి వస్తే మూడు నాలుగు నెలలకోసారి తగిలించి, కాసేపు కరెంటు మీద ఉంచి, ఫైళ్లన్నీ ఒకసారి చదివించి తీయండి.